పేరు చివర చెప్పండి

రోమన్ల కాలపు వెండి నాణెం ఒకటి మీ చేతిలో పెట్టారనుకోండి. ఏం చేస్తారు? బొమ్మవైపు తిప్పి ముఖం చూస్తారు. ‘సీజరేనా?’ అంటారు. రోమన్లనగానే మనకు చప్పున తట్టే పేరు అదే కనక. నాణేలు గుర్తుపట్టడంలో చెయ్యి తిరిగినవాళ్లు మాత్రం ఈ పనిని అన్నిటికన్నా చివర చేస్తారు. ముందు తూకం వేస్తారు. అంచు చూస్తారు. బొరుసు పరిశీలిస్తారు. అరిగిపోయిన అక్షరాలను ఒక్కొక్కటే కూడబలుక్కుంటారు. ఆ తర్వాతే ముఖం సంగతి. పేరు పెదవి దాటేసరికి దాని వెనక నాలుగు సాక్ష్యాలు నిలబడి ఉంటాయి.

ఈ క్రమాన్ని మీరు కూడా పట్టుకోవాలని నా కోరిక. నాణేలు సేకరించకపోయినా ఫరవాలేదు. మనుషుల గురించి, వార్తల గురించి, రేపు సంతకం పెట్టబోయే కాగితం గురించి నిర్ణయం తీసుకునేటప్పుడు మనం చేసే పొరపాట్లలో చాలావాటికి మూలం ఒకటే. ముందు పేరు పెట్టేస్తాం, తర్వాత చూస్తాం. ఒకసారి ‘ఇది ఫలానా’ అని అనేశాక కళ్లు ఆ మాటకు సరిపడే ఆనవాళ్లనే ఏరుకుంటాయి. సరిపడనివి ఎదురుగా ఉన్నా కనపడవు. తెలివి తక్కువై ఇలా జరగదు, ఆత్రం ఎక్కువై జరుగుతుంది. ఆత్రగాడికి బుద్ధి మట్టమని పెద్దలన్నది ఇందుకే.

ఈ ఆత్రాన్ని అదుపులో పెట్టడం నేర్పే విద్యల్లో రోమన్ వెండి నాణేలది పెద్దపీట అని నేను గట్టిగా నమ్ముతాను. దీంట్లో ఊహకు చోటు తక్కువ, చూపుకు పని ఎక్కువ. తప్పు చెబితే నాణెమే మనల్ని సరిదిద్దుతుంది.

తూకం ఏం చెబుతుంది

రోమన్ల ప్రధాన వెండి నాణెం పేరు డెనారియస్. క్రీ.పూ. 211 ప్రాంతంలో, కార్తేజ్ సేనాని హానిబల్‌తో యుద్ధం నడుస్తున్న రోజుల్లో మొదలైంది. తొలి నాణేల మీద శిరస్త్రాణం పెట్టుకున్న రోమా దేవత తల ఉంటుంది. ఆమె తల వెనక ఎక్స్ ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది. అది రోమన్ల పది అంకె. ఒక డెనారియస్‌కు పది ‘ఆస్’ అనే కంచు నాణేలు వస్తాయని దాని అర్థం. బొరుసు మీద ఈటెలు చాచి గుర్రాలపై దూసుకుపోయే కవల వీరులు కాస్టర్, పాలక్స్ కనిపిస్తారు. తర్వాత క్రీ.పూ. 140 ప్రాంతంలో లెక్క మార్చి పదహారు ఆస్‌లు చేశారు. కొద్దికాలం ఆ పదహారు అంకెను కూడా నాణెం మీద వేశారు. తల వెనక ఉన్న ఆ చిన్న గుర్తును గమనిస్తే చాలు, నాణెం ఏ కాలానిదో సగం తెలిసిపోతుంది.

తూకం ఇంకా సూటిగా మాట్లాడుతుంది. గణతంత్ర కాలంలో స్థిరపడిన డెనారియస్ ఇంచుమించు 3.9 గ్రాములు. ఒక రోమన్ పౌను వెండికి 84 నాణేలు కొట్టేవారు. క్రీ.శ. 64లో, రోమ్ నగరం తగలబడిన ఏడాదే, నీరో చక్రవర్తి పౌనుకు 96 నాణేలు కొట్టించాడు. తూకం 3.4 గ్రాములకు దిగింది. అది చాలదన్నట్టు వెండిలో రాగి పాలు కూడా పెంచాడు. అక్కడినుంచి కథ దాదాపు ఒకే దారిలో నడిచింది. సెప్టిమియస్ సెవెరస్ కాలానికి, అంటే క్రీ.శ. 200 నాటికి, నాణెంలో వెండి సగం దగ్గరికి వచ్చింది. క్రీ.శ. 215లో ఆయన కొడుకు కరకల్లా 5 గ్రాముల కొత్త నాణెం తెచ్చాడు. దాన్నిప్పుడు ఆంటోనినియానస్ అంటున్నాం. విలువేమో రెండు డెనారియస్‌లుగా చెలామణీ అయిందంటారు, అందులో వెండి మాత్రం ఒకటిన్నరకు మించదు. క్రీ.శ. 260లు దాటేసరికి దాంట్లో వెండి నూటికి ఐదు పాళ్ల కిందికి పడిపోయింది. రాగి బిళ్ల మీద పలచటి వెండి మెరుపు మిగిలింది. డయోక్లీషియన్ క్రీ.శ. 294 ప్రాంతంలో అర్జెంటియస్ అనే మేలైన వెండి నాణెం తెచ్చేదాకా పరిస్థితి అంతే.

అందుకే గ్రాములో నూరోవంతు చూపించే చిన్న త్రాసు ఈ విద్యలో తొలి గురువు. 2.9 గ్రాములు తూగే నాణెం తీసుకొచ్చి ‘ఇది జూలియస్ సీజర్ కాలపు మేలిమి వెండి’ అని ఎవరైనా చెబితే ముఖం చూడక్కర్లేదు, త్రాసు అడగండి. మాటకారితనం త్రాసు ముందు పనిచేయదు.

మీ జీవితంలో త్రాసు ఏమిటో మీరే నిర్ణయించుకోవాలి. ఉద్యోగానికి వచ్చిన మనిషి విషయంలో, అతను గతంలో పూర్తిచేసిన పని. పెట్టుబడి పెట్టమనే పథకం విషయంలో, లెక్కలు తనిఖీ అయిన కాగితం. స్నేహితుడి విషయంలో, కష్టకాలంలో అతను గడిపిన సమయం. ఏదైనా సరే, కొలవగలిగినది ఒకటి ముందు కొలిచి, ఆ తర్వాత మాటలు వినండి.

పై పటారం, లోన లొటారం

తూకం తర్వాత అంచు. నాణెం అంచును శ్రద్ధగా చూసేవాళ్లు తక్కువ, దొంగ పని బయటపడేదేమో ఎక్కువగా అక్కడే. రోమన్ల కాలంలోనే దొంగ నాణేలు తయారయ్యాయి. రాగి బిళ్లకు వెండి రేకు తొడిగి, వేడి చేసి, అచ్చుల మధ్య పెట్టి కొట్టేవారు. కొత్తలో చూస్తే అసలుకు, నకిలీకి తేడా తెలియదు. అయితే రాగి వెండికన్నా తేలిక. అదే కొలతల్లో ఉన్నా నాణెం తూకం తగ్గుతుంది. వందల ఏళ్లు గడిచాక అంచు దగ్గర తొడుగు పగిలి లోపలి రాగి చిలుము పట్టి పచ్చగా బయటికొస్తుంది. కొన్ని నాణేల మీద లోతైన గాటు కనిపిస్తుంది. లోపల రాగి ఉందేమోనని ఆనాటి షరాబు పెట్టిన పరీక్ష అది. రెండువేల ఏళ్లనాటి ఒక మనిషి అనుమానం ఆ గాటులో అలాగే ఉండిపోయింది.

గణతంత్ర కాలపు డెనారియస్‌లు కొన్నిటికి అంచు చుట్టూ రంపం పళ్లలా గాట్లుంటాయి. లోపల రాగి లేదని జనానికి నమ్మకం కలిగించడానికే అలా చేశారని ఒక వాదం. జర్మనీ తెగలు ఈ పళ్ల నాణేలను, పాత నాణేలను ఏరికోరి పుచ్చుకునేవని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. తమాషా ఏమిటంటే, పళ్లున్నవాటిలోనూ రాగి గుండె ఉన్న నకిలీలు దొరికాయి. నమ్మకానికి గుర్తుగా దేన్ని పెట్టినా దొంగ ముందుగా దాన్నే నేర్చుకుంటాడు. ముద్ర, ధ్రువపత్రం, గంభీరమైన కంఠం, ఖరీదైన కార్యాలయం... ఇవన్నీ రంపం పళ్లే. వాటిని చూసి అక్కడితో ఆగిపోకండి.

ఈ కాలపు నకిలీలు ఎక్కువగా పోత పోసినవి. అసలు నాణేన్ని రెండు ఉక్కు అచ్చుల మధ్యో, కంచు అచ్చుల మధ్యో పెట్టి సుత్తితో కొట్టారు. లోహం ఆ దెబ్బకు అక్షరాల చుట్టూ పారినట్టు సన్నటి గీతలు పడతాయి. పోత నాణెంలో ఆ పదును రాదు. భూతద్దంలో చూస్తే చిన్న చిన్న బుడగల గుంటలు, మెత్తబడిన అక్షరాలు, అంచు చుట్టూ రెండు సగాలు కలిసిన గీత కనిపిస్తాయి. అచ్చు చెక్కి కొట్టే మొనగాళ్లు కూడా ఉన్నారు. జర్మనీకి చెందిన కార్ల్ విల్హెల్మ్ బెకర్ (1772-1830) అలాంటివాడు. ప్రాచీన నాణేలకు తనే అచ్చులు చెక్కి, కొత్తగా కొట్టిన నాణేలను ఇనుపరజనున్న పెట్టెలో పడేసి, తన గుర్రబ్బండికి తగిలించి ఊళ్లు తిప్పేవాడు. ఆ కుదుపులకు అవి అరిగి పాతవాటిలా తేలేవి. పాతదనం కూడా తయారుచేయవచ్చన్నమాట!

ముఖం చూసి బొట్టు పెట్టొద్దు

ఇప్పుడు బొరుసుకు వద్దాం. రోమన్ నాణేల మీద దేవతలకు చేతిలోని వస్తువే గుర్తింపు కార్డు. మన గుళ్లో శంఖచక్రాలుంటే విష్ణువని, వీణ ఉంటే సరస్వతి అని ముఖం చూడకుండానే చెప్పమూ? అదే పద్ధతి. త్రాసు పట్టుకున్నామె ఈక్విటాస్, న్యాయమైన కొలతకు దేవత. ఓడ చుక్కాని ఉంటే ఫార్చూనా. రెక్కలుండి దండ పట్టుకుంటే విక్టోరియా. పాముకు మేత పెడుతుంటే సాలుస్, ఆరోగ్య దేవత. చక్రవర్తి నాణెం ద్వారా ప్రజలకు ఏం చెప్పదలచుకున్నాడో ఈ బొరుసు మీద ఉంటుంది. ముఖం గొప్పది, మాట బొరుసుది.

అక్షరాలు చూడగానే భయపడేవాళ్లున్నారు. లాటిన్ రాకపోయినా ఇబ్బంది లేదు, పదో పన్నెండో పొడి అక్షరాలు నేర్చుకుంటే చాలు. రోమన్లు యూ అక్షరానికి బదులు వీ రాసేవారు, అందుకే ‘ఏవీజీ’ అని ఉంటే ఆగస్టస్ అని చదువుకోవాలి. ‘ఐఎంపీ’ అంటే విజయ సేనాని, చక్రవర్తి. ‘సీఓఎస్’ పక్కన అంకె ఉంటే ఎన్నోసారి కాన్సుల్ పదవి చేపట్టాడో అది. ట్రాజన్ నాణెం మీద కాన్సుల్ ఐదోసారి అని ఉంటే అది క్రీ.శ. 103కూ 111కూ మధ్య కొట్టినది, ఆరోసారి అని ఉంటే 112 తర్వాతది. ‘టీఆర్‌పీ’ అనే అధికారం ఏటా కొత్తగా ఇచ్చేవారు, దాని పక్కన అంకె కనపడితే ఏడాదే దొరికినట్టు.

ఇక్కడ ఒక చిక్కుముడి చెబుతాను. ఈ విద్యలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే.

మీకు దొరికిన నాణెం మీద ‘ఆంటోనినస్’ అనే పేరు స్పష్టంగా చదవడానికి వచ్చింది. పక్కన ‘పియస్’ అని కూడా ఉంది. చరిత్ర పుస్తకంలో ఆంటోనినస్ పియస్ అనే మంచి చక్రవర్తి ఉన్నాడు, క్రీ.శ. 138 నుంచి 161 దాకా ఏలాడు. పని అయిపోయిందా? కాలేదు. ఆయన తర్వాత వచ్చిన మార్కస్ అరీలియస్ నాణేల మీదా ఆంటోనినస్ అనే ఉంటుంది. కరకల్లాకు ఆ పేరు తండ్రి పెట్టించాడు. సెవెరస్‌కు పాత మంచి రాజవంశంతో చుట్టరికం కావాలి. అందుకని కొడుక్కి మార్కస్ అరీలియస్ ఆంటోనినస్ అని పేరు మార్చాడు. ఆ తర్వాత పద్నాలుగేళ్ల కుర్రాడు ఎలగాబలస్ తాను కరకల్లా కొడుకునని చెప్పుకుని సింహాసనమెక్కాడు, తనూ ఆంటోనినస్ అయ్యాడు. ఒకే పేరు, నలుగురు మనుషులు. ఒకడు శాంతంగా ఏలినవాడు, ఒకడు తత్వవేత్త, ఒకడు సొంత తమ్ముణ్ని చంపించినవాడు, ఒకడు పద్దెనిమిదేళ్లకే సైనికుల చేతిలో చచ్చినవాడు.

ఎలా విడదీస్తారు? మాటల వరస చూడాలి. అసలు ఆంటోనినస్ పియస్ నాణెం మీద ‘ఆంటోనినస్ ఏవీజీ పియస్’ అని, చివర దేశపిత అనే బిరుదు పొడి అక్షరాల్లో ఉండటం పరిపాటి. కరకల్లా నాణెం మీద ‘ఆంటోనినస్ పియస్ ఏవీజీ’ అని వస్తుంది. రెండు మాటలు అటూ ఇటూ అయ్యాయంతే! క్రీ.శ. 213 తర్వాతదైతే కరకల్లా పేరు చివర జర్మనీ విజయానికి గుర్తుగా ‘జీఈఆర్ఎం’ కూడా చేరుతుంది. ఎలగాబలస్‌వైతే తరచు ముందు ‘ఐఎంపీ’ ఉంటుంది. బొరుసు మీద ఖాళీ జాగాలో చిన్న నక్షత్రం కనిపిస్తే చాలావరకు అతనిదే. కొన్నిటి మీద నుదుటి దగ్గర కొమ్ము లాంటిది పొడుచుకొస్తుంది. ఇదంతా అయ్యాక ముఖం చూడండి. పియస్‌ది కోల ముఖం, దువ్విన గడ్డం. కరకల్లా చిన్నప్పుడు నున్నటి బుగ్గల పిల్లవాడు, పెద్దయ్యాక కనుబొమలు ముడిపడి, పొట్టి గడ్డంతో కొరకొర చూస్తాడు. ఇప్పుడు ముఖం అబద్ధం ఆడలేదు. మిగతా సాక్ష్యాలు దాన్ని కట్టడి చేశాయి.

ముఖం చూసి బొట్టు పెట్టే మన అలవాటుకు ఇంతకు మించిన మందు నాకు తెలియదు. ఇంటిపేరు, ఊరు, చదివిన కళాశాల, వేసుకున్న చొక్కా... ఇవి చూసి మనిషి మీద చీటీ అతికించేస్తాం. ఒకే పేరు కింద నలుగురు ఆంటోనినస్‌లున్నట్టే, ఒకే కళాశాల నుంచి దిట్టలూ వస్తారు, దద్దమ్మలూ వస్తారు. ఆ మనిషి మాటల వరస వినండి. ఎవరిని ముందు తలుస్తాడు, తప్పు ఎవరి మీద వేస్తాడు, ఘనత ఎవరికి ఇస్తాడు... అక్కడ దొరుకుతాడు.

మన నేలకు వచ్చిన వెండి

ఇంత దూరం వచ్చాక మన సంగతి చెప్పకపోతే తప్పు. రోమన్ వెండి మన ఊళ్లకు వచ్చింది, వేల సంఖ్యలో వచ్చింది. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో పదిహేను వందలకు పైగా డెనారియస్‌లు ఒక్కచోటే బయటపడ్డాయి. దక్షిణ భారత నిధుల్లో మళ్లీ మళ్లీ కనిపించే నాణేలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి ఆగస్టస్‌ది, బొరుసు మీద ఆయన మనవలు గాయస్, లూసియస్ డాళ్లూ ఈటెలూ పట్టుకుని నిలబడి ఉంటారు. రెండోది టైబీరియస్‌ది. బొమ్మవైపు దండ చుట్టిన తల, బొరుసు మీద చేతిలో కొమ్మ పట్టుకుని ఆసనం మీద కూర్చున్న స్త్రీ. ఆమె శాంతి దేవత అని కొందరు, టైబీరియస్ తల్లి లివియా అని కొందరు అంటారు. బైబిల్లో యేసు ముందుకు తెచ్చిన దేనారము ఈ రకమే అయి ఉంటుందని చాలాకాలంగా ఒక నమ్మకం. అక్కడ ఆయన అడిగిన ప్రశ్న కూడా రూపం గురించి, రాత గురించే.

మన దేశానికి ఏటా 5 కోట్ల సెస్టర్స్‌లు తరలిపోతున్నాయని రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు. నాలుగు సెస్టర్స్‌లు ఒక డెనారియస్. అంత వెండి, బంగారం మిరియాలకు, ముత్యాలకు, నేత బట్టలకు వచ్చింది. అయితే నీరో తూకం, వెండి తగ్గించాక కొట్టిన డెనారియస్‌లు మన నిధుల్లో చాలా అరుదు. పాత మేలిమి నాణేలే కావాలని ఇక్కడివాళ్లు పట్టుబట్టి ఉంటారని చాలామంది పండితుల ఊహ. లాటిన్ చదవడం రాని మన షరాబులు చక్రవర్తి పేరుతో పని లేకుండా తూకంతో, గీటుతో మంచి చెడ్డ తేల్చి ఉంటారు. నాకు వాళ్లంటే గౌరవం.

రేపటినుంచి ఏం చేయాలో చెబుతాను. జేబులో ఉన్న రూపాయి, రెండు రూపాయల బిళ్లలతోనే మొదలుపెట్టండి. ఏడాది అంకె కింద చూడండి. నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ టంకశాలలో తయారైంది. డైమండ్ ఆకారం ఉంటే ముంబై, చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. ఇన్నేళ్లుగా ఆ బిళ్లలను చేతులు మారుస్తున్నా ఆ గుర్తును చూడనివాళ్లు ఎందరో! పిల్లలతో కలిసి చేస్తే ఇంకా మంచిది, వాళ్ల కళ్లు మనకన్నా చురుకు.

రెండోది, ఒక నోటుపుస్తకం. పేజీ మధ్యలో గీత గీయండి. ఎడమవైపు ‘చూసింది’, కుడివైపు ‘అనుకున్నది’. ఆఫీసులో ఒక గొడవ జరిగితే, ‘ఫలానా ఆయన తలుపు వేసుకుని వెళ్లిపోయాడు’ ఎడమవైపు. ‘నా మీద కోపంతో వెళ్లాడు’ కుడివైపు. కుడివైపు పెరిగిపోతూ ఎడమవైపు ఖాళీగా ఉంటే తీర్పు చెప్పే అర్హత ఇంకా రాలేదని అర్థం. సెల్‌ఫోన్లో వచ్చిన వార్తను పదిమందికి పంపేముందు కూడా ఇదే గీత గీసి చూడండి. ఎడమవైపు రాయడానికి ఏమీ లేని వార్తను అక్కడే ఆపేయండి.

మూడోది, ‘ఇంకా తెలియదు’ అనడం సాధన చేయండి. మ్యూజియంలో పనిచేసే మంచి నిపుణులు అరిగిపోయిన నాణెం పక్కన ‘గుర్తించవలసి ఉంది’ అని చీటీ పెట్టి పక్కనుంచుతారు. అందులో నామోషీ ఏమీ లేదు. తప్పు పేరు పెట్టిన నాణెం తరతరాలు చదువరులను దారి తప్పిస్తుంది. పేరు పెట్టని నాణేన్ని మళ్లీ ఎవరో ఒకరు శ్రద్ధగా చూస్తారు.

వీలున్నవాళ్లు హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని పురావస్తు మ్యూజియానికి వెళ్లి నాణేల సేకరణ చూడండి. ఒక్క నాణెం దగ్గర పది నిమిషాలు నిలబడండి, పక్కనున్న చీటీ చదవకుండా.

ఇక ఊళ్లలో ఉండేవారికి ఒక విన్నపం. పొలం దున్నుతుంటేనో, పునాది తవ్వుతుంటేనో కుండలో పాత నాణేలు దొరికితే చింతపండుతో తోమకండి, సుద్దతో రుద్దకండి. ఆ మెరుపుతో పాటు అక్షరాలూ పోతాయి. పంచుకుని అమ్మేయకండి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. 1972 పురావస్తువుల చట్టం కింద వందేళ్లు దాటిన నాణేలను దేశం దాటించడం నేరం. కుండతో సహా అలాగే ఉంచి, ఎక్కడ, ఎంత లోతున, ఎన్ని దొరికాయో కాగితం మీద రాసి, అధికారులకు కబురు పెట్టండి.